రాజపాళెం కుక్కని గుర్తుపట్టేదెట్టా? దాని వెనకున్న మన తెలుగోళ్ళ కథ

ఈసారి పోస్టు మిరప గురించి గాదు, పత్తి గురించి గాదు, కుక్క గురించి. నవ్వకండి. కళ్ళంలో కాయ ఆరబోసి, రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని కూర్చున్నోడికి ఇందులో నవ్వేదేం లేదని తెలుసు. కాస్త పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి.

పది రోజుల కింద మాకు మేనల్లుడి వరసయ్యే కుర్రాడు ఫోన్లో ఫొటో పంపాడు. పాల ముద్దలాంటి తెల్లటి కుక్కపిల్ల. "మామా, రాజపాళెం పిల్లంట, పద్దెనిమిది వేలు చెప్తన్నారు, తెచ్చుకోనా?" అని. పోయినేడు వాళ్ళ కళ్ళంలో రాత్రికి రాత్రే రెండు టిక్కీల కాయ పోయింది. రేటు బాగున్న ఏడాది రెండు టిక్కీలంటే ఎంతో మీకు నేను లెక్క చెప్పక్కర్లేదు. అందుకని వాడి ఆత్రం వాడిది. నేను మాత్రం "ఆగరా, ముందు దాని తల్లి ఫొటో పంపమను" అన్నా. ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువ చెప్పాలి.

ఆరేళ్ళ కింద నేనూ ఇట్టాగే ఒకడి దగ్గర తొమ్మిది వేలు పోసి పిల్లని తెచ్చా. నెల రోజుల పిల్ల. తెల్లగా ఉంది, ముక్కు గులాబీ రంగులో ఉంది. "ముక్కు చూడండి, అసలైన రాజపాళేనికి అదే గుర్తు" అని అమ్మినోడు ఒట్టేసి చెప్పాడు. రెండున్నర నెలలకి ఆ ముక్కు నల్లబడింది. ఆరు నెలలకి చెవుల మీద గోధుమ రంగు మచ్చలు దేలాయి. ఏడాదికి తోక మా ఊరకుక్కల తోక లాగే వీపు మీదికి చుట్ట తిరిగింది. వాడికి ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదు. మనం నకిలీ విత్తనం వేసి పూత దాకా తెలుసుకోలేకపోయిన సంవత్సరాలు లేవా? ఇదీ అంతే. సంచి మీద బొమ్మ చూసి కొన్నా, లోపల ఏముందో మొలిచాక తెలిసింది. దానికి రాజు అని పేరు పెట్టుకున్నాం. ఇప్పటికీ ఉంది మా ఇంట్లో. మంచి కుక్కే, కాకపోతే దీపావళి టపాకాయలకి మంచం కింద దూరుద్ది.

ఆ మోసం నన్ను ఊరికే ఉండనియ్యలా. అసలు రాజపాళెం అంటే ఏంది, ఎక్కడిది అని అడగడం మొదలుపెట్టా. తర్వాత ఒకేడు రామేశ్వరం, మధుర యాత్రకి బస్సులో పోయినప్పుడు శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళమ్మ గుడి చూసుకున్నాం. అక్కణ్ణించి రాజపాళెం పది పన్నెండు కిలోమీటర్లే. డ్రైవరుని బతిమాలి రెండు గంటలు ఆపించా. ఊళ్ళో ఒక అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని నాకొచ్చిన రెండు అరవ ముక్కలతో అడగబోతే ఆయన నవ్వి "ఎక్కడ్నుంచి వచ్చినారు?" అని తెలుగులో అన్నాడు. నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. 

సంగతేంటంటే, ఆ ఊరి పేరులో ఉన్న రాజులు మన రాజులే. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా మన ఆంధ్ర దేశం నుంచి దక్షిణానికి పోయి స్థిరపడ్డ రాజుల కుటుంబాలు. ఇంట్లో ఇవాళ్టికీ తెలుగు మాట్లాడతారు, అరవ యాస కలిసిన తెలుగు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారిది ఈ ఊరే. అంటే మన గుంటూరు జిల్లా కూడా ఆ రాష్ట్రంలో ఉన్నప్పుడు మనకీ ఆయనే ముఖ్యమంత్రి. అట్టాంటి ఊరి పేరు మీద ఉన్న కుక్క అది. 

ఇంక పాళెం. 1529 ప్రాంతంలో మధురలో విశ్వనాథ నాయకుడు అధికారానికొచ్చాడు. ఆయనా, ఆయన దళవాయి అరియనాథ మొదలియారూ కలిసి దేశాన్ని 72 పాళేలుగా విడగొట్టారని చరిత్ర. ఒక్కో పాళేనికి ఒక్కో పాళెగాడు. సైన్యం పెట్టుకోవాలి, పన్ను వసూలు చేయాలి, ఊళ్ళకి కావలి కాయాలి. ఇందులో కావలి అన్నమాట గుర్తుపెట్టుకోండి, కుక్క కథంతా అందులోనే ఉంది. ఈ పాళెగాళ్ళలో తెలుగోళ్ళు చాలామంది. సినిమాలో మనం చూసిన కట్టబొమ్మన కూడా తెలుగు మాట్లాడే కుటుంబం వాడే. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఇంగ్లీషోళ్ళు ఆయన్ని ఉరి తీశారు. ఆ పోరాటాల్లో ఈ కుక్కల్ని తెల్లోళ్ళ గుర్రాల మీదికి వదిలారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. పాత ఇంగ్లీషు రాతల్లో 'పాళెగారు కుక్క' అనే పేరు ఉంది గానీ, గుర్రాల కథ మాత్రం నోటి మాటగానే వింటాం. పెద్దాయన కూడా "మా తాత చెప్పేవాడు" అనే చెప్పాడు తప్ప ఇంకోటి అనలేదు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది.

అయితే పెద్ద కుక్క ఒడ్డూపొడుగూ చూసి మెచ్చుకోవడం పాళెగాళ్ళతో మొదలైంది గాదు. రామాయణంలో భరతుడు మేనమామ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు తాత కేకయ రాజు ఇచ్చిన కానుకల్లో ఏనుగులతో పాటు కుక్కలు కూడా ఉన్నాయి. అంతఃపురంలో పెంచినవంట, పులికున్నంత బలం, కోరలే ఆయుధాలు, పెద్ద ఒళ్ళు. చూడండి, వాల్మీకి వాటి రంగు గురించి ఒక్క మాట చెప్పలా. బలం, పళ్ళు, పరిమాణం చెప్పాడు. కేకయ దేశమంటే పంజాబు వైపు.

అదే పంజాబు వైపుకి క్రీస్తు పూర్వం 326లో అలెగ్జాండరు వచ్చాడు. అక్కడి రాజు ఒకాయన, గ్రీకులు సోపైతిస్ అని రాశారు, ఆయనకి 150 కుక్కల్ని కానుకిచ్చాడు. వాటి పట్టు చూపించడానికి నాలుగు కుక్కల్ని సింహం మీదికి వదిలి, కరిచి పట్టుకున్న ఒక కుక్క కాలు కత్తితో కోయించాడంట. అలెగ్జాండరు వద్దని అరిచాడు. ఒకదానికి బదులు మూడిస్తా ఊరుకోమన్నాడంట ఆ రాజు. కాలు తెగినా కుక్క సింహాన్ని వదల్లా, నెత్తురు కారి చచ్చేదాకా పట్టుకునే ఉంది. గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాసిన సంగతి ఇది. ఇందులో కోత ఎంతో నాకు తెలియదు గానీ, కానుకలిచ్చే కుక్కల పేరు రెండు కథల్లోనూ ఒకే ప్రాంతానికి దక్కడం నాకు విచిత్రంగా అనిపించింది.

మన దక్షిణాన కథలు గాదు, రాళ్ళే ఉన్నాయి. తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఒకటుంది, ఏడో శతాబ్దం తొలినాళ్ళది. పశువుల దొంగలు వస్తే వీరుడు చచ్చిపోయాడు, ఆయన కుక్క కోవివన్ ఇద్దరు దొంగల్ని కరిచింది. వీరుడి బొమ్మ పక్కన కుక్క బొమ్మా చెక్కి దాని పేరు కూడా రాయించారు. అంటే పధ్నాలుగు వందల ఏళ్ళ కింద పశువుల్ని కాసిన కుక్క పేరు ఇయ్యాల మనం చదువుతున్నాం. రెండోది కర్ణాటక మండ్య జిల్లా ఆతకూరు రాయి, క్రీస్తు శకం 949-50 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు, గంగ రాజు బూతుగుడు కలిసి తక్కోలం దగ్గర చోళుల్ని గెలిచినప్పుడు, యుద్ధంలో మెప్పు పొందిన మణలేరుడనే వీరుణ్ణి ఏం కావాలో కోరుకోమన్నారు. ఊరు కోరలా, బంగారం కోరలా. కాళి అనే వేటకుక్కని ఇమ్మన్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవి పందితో తలపడి పందీ, అదీ రెండూ చచ్చాయి. దాని పేరున రాయి నిలబెట్టి భూమి రాసిచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది.

అడవి పంది. మళ్ళీ గుర్తుపెట్టుకోండి. రాజపాళెం కుక్క పని కూడా అదే: పొలాన్ని పంది నుంచీ, ఇంటిని దొంగ నుంచీ కాయడం. దాని ఒళ్ళంతా ఆ పనికి తగ్గట్టే ఉంది. ఒంగోలు గిత్తని కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? మూపురం చూస్తాం, గంగడోలు చూస్తాం, గిట్టలు చూస్తాం, నడిపించి చూస్తాం. ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉందని మనకి తెలుసు. అదే కన్నుతో ఆ పెద్దాయన తన కుక్కని నాకు చూపించాడు.

ముందు ఎత్తు. పెరిగిన మగ కుక్క వీపు మొదలు దగ్గర, అంటే భుజం కాడ, 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటది. రెండడుగులు దాటి రెండున్నర లోపు. మన మోకాలు దాటి తొడ దాకా వస్తది. ఛాతీ లోతుగా మోచేతుల దాకా దిగుతుంది, కడుపు మాత్రం లోపలికి ఎక్కిపోయి ఉంటది. ఇది పరుగు కుక్క లక్షణం, గాలి ఎక్కువ పట్టాలి, బరువు ఉండకూడదు. చిప్పిపారై కుక్కా, కర్ణాటక ముధోల్ కుక్కా కూడా ఇట్టాగే ఉంటాయి గదా అంటారు. అవును, తేడా ఎముకలో ఉంది. చిప్పిపారై కుందేలు వెంట పరిగెత్తేది, సన్నగా పుల్లలాగా ఉంటది. రాజపాళెం పంది మీద పడాలి, అందుకని కాలెముక లావు, మెడ లావు, దవడ గట్టి. ముంజేతిని మన బొటనవేలూ చూపుడువేలూ చుట్టి పట్టి చూస్తే తేడా తెలిసిపోద్దని చూపించాడు. ఇంకో సంగతి, కొంబై అని తేని జిల్లా వైపు కుక్క ఉంది. అదీ కాపలాకి గట్టిదే, కాకపోతే ఎరుపు, మూతి నలుపు, ఎత్తు తక్కువ. దానికి సున్నం వేసినా రాజపాళెం గాదు.

తలకాయ పొడుగు, చెవులు కిందికి వేలాడతాయి. నిక్కబొడుచుకుని నిలబడ్డ చెవులు కనపడితే అనుమానించండి. తోక సన్నంగా, పొడుగ్గా, చివర కాస్త వంపు తిరిగి ఉంటది. వీపు మీద చుట్టలాగా పడితే మా రాజు గాడి చుట్టమే. వెంట్రుక మరీ కురచ, చెయ్యి వేస్తే లోపలి గులాబీ చర్మం తెలుస్తుంది. ముక్కు, పెదాల అంచు, కనురెప్పల అంచు అన్నీ గులాబీ. కన్ను తేనె రంగు, బంగారు రంగు.

ఇక్కడే నన్ను మోసం చేసిన కిటుకు ఉంది, ఇది మాత్రం బాగా చదవండి. తెల్ల కుక్కల్లో చాలా జాతుల పిల్లలకి పుట్టినప్పుడు ముక్కు గులాబీగానే ఉంటది. వారాలు గడిచేకొద్దీ నల్లబడుద్ది. అంటే నెల పిల్ల ముక్కు చూసి రాజపాళెం అని తేల్చడం, మొలక చూసి మిరప రకం తేల్చడం లాంటిది. అందుకే తల్లిని చూడాలి, వీలైతే తండ్రిని కూడా. తల్లిని చూపించనన్నోడి దగ్గర కొనడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. ఈ మధ్య ఇంకో తెల్ల కుక్కని కూడా ఈ పేరు మీద అంటగడుతున్నారు, డోగో అర్జెంటీనో. దాని తల అడ్డంగా వెడల్పు, దవడ కండలు ఉబ్బి ఉంటాయి, పెరిగాక ముక్కు నలుపు. చూస్తే ఒక్కసారికే తెలుస్తుంది, రెండింటినీ పక్కపక్కన చూసిన కన్నైతే.

ఆ డోగో సంగతి వింటే మీకూ ఆశ్చర్యమేస్తుంది. దక్షిణ అమెరికా అర్జెంటీనా దేశంలో కోర్డోబా అనే ఊళ్ళో ఆంటోనియో నోరెస్ మార్టినెజ్ అనే ఆయన 1920ల్లో తయారు చేయడం మొదలుపెట్టిన జాతి అది. దేనికి? అడవి పంది వేటకి. రంగు తెలుపు. ఎక్కడి అర్జెంటీనా, ఎక్కడి రాజపాళెం! పనీ అదే, రంగూ అదే, ఆఖరికి జబ్బు కూడా అదే. చెవుడు.

ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ కావాలంట. తెలుపు కోసం తెలుపునే కలుపుతూ పోతే కొన్ని పిల్లల్లో ఆ కణాలు చెవిదాకా చేరవు. పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. కన్ను నీలంగా ఉన్న పిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. పెద్దాయన ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. ఒకప్పుడు ఈ కుక్కల్లో వేరే రంగులు కూడా పుట్టేవి. జమీందార్లకి వాకిట్లో తెల్లదే కావాల్సొచ్చింది. మిగతా రంగుల పిల్లల్ని ఉంచుకోలా. ఉంచుకోలా అంటే ఏం చేశారో నేనడగలా, ఆయనా చెప్పలా.

నన్ను అడిగితే ఈ జాతికి జరిగిన నష్టం అక్కడే మొదలైంది. వాల్మీకి చెప్పని రంగే ముఖ్యమై కూర్చుంది. పని కోసం పుట్టిన కుక్కని చూపు కోసం పెంచారు, పని చేసే చెవిని పోగొట్టారు. ఆ పైన పని కూడా పోయింది. 1801 తర్వాత పాళేలు జమీలయ్యాయి. 1948 చట్టంతో జమీలూ పోయాయి. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. దాణా పెట్టే దివాణం లేదు, తరమడానికి పంది లేదు, మిగిలింది కొద్ది ఇళ్ళలో కొద్ది కుక్కలు. వాటిల్లో వాటికే కలిపారు, చెవుడు ఇంకా పెరిగింది.

మళ్ళీ కాస్త మంచి రోజులొచ్చాయనే చెప్పాలి. తమిళనాడు పశుసంవర్ధక శాఖ మద్రాసు సైదాపేటలో ఈ జాతుల పిల్లల్ని పెంచి జనానికి అమ్మేది. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్ళలు వేస్తే అందులో రాజపాళెం ఒకటి. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దేశవాళీ కుక్కల పేర్లు చెప్పినప్పుడు ఇదీ ఉంది. హర్యానా కర్నాల్‌లో పశువుల జాతుల్ని నమోదు చేసే జాతీయ సంస్థ ఉంది గదా, మన ఒంగోలు గిత్త నమోదైన చోటే, అక్కడ కుక్కల్లో మొదట నమోదైన మూడింటిలో రాజపాళెం, చిప్పిపారై, ముధోల్ ఉన్నాయి. మన కొల్లేరు వైపు బాతుల్ని కాసిన జోనంగి గానీ, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్క గానీ ఆ మూడింట్లో లేవు. జోనంగి కథ ఇంకా బాధ. చేపల చెరువులొచ్చాక అది చేపలు తింటుందని తరిమేశారు. దాని గురించి ఇంకోసారి రాస్తా.

ఇంక మా మేనల్లుడి సంగతి. తల్లి ఫొటో వచ్చింది. నిజం చెప్పాలి, తల్లి బాగుంది. ముక్కు గులాబీ, చెవులు వేలాడుతున్నాయి, ఛాతీ లోతు, తోక సరిగ్గా ఉంది. మరుసటి రోజు ఇద్దరం బండి మీద పోయాం. పిల్లలు యాభై రోజులవంట, ఐదున్నాయి. ఐదారు వారాలు దాటితే చెవి పరీక్ష చేయొచ్చు. నేను పెద్దాయన చెప్పినట్టు ఇంట్లోంచి స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుపోయా. కిటుకేంటంటే, పిల్లకి మనం కనపడకూడదు, మన కాలి అదురు తగలకూడదు, మన గాలి తగలకూడదు. పిల్లలన్నీ కలిసి ఉంటే లాభం లేదు, ఒకటి లేస్తే దాన్ని చూసి రెండోదీ లేస్తుంది. అందుకని ఒక్కోదాన్ని విడిగా గోనె పట్టా మీద పెట్టించి, వెనకమాల నాలుగడుగుల దూరాన నిలబడి పళ్ళెం మోగించా.

మూడు టక్కున తిరిగి చూశాయి. ఒకటి భయపడి అమ్మినాయన కాళ్ళ మధ్యకి పరిగెత్తింది, మా రాజు గాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఐదోది, మావాడు ఫొటో చూసి మనసుపడ్డది, అందరికంటే తెల్లనిది, ఒక కన్ను లేత నీలం. నేను మూడుసార్లు మోగించా. అది గోనె పట్టా పీచు కొరుక్కుంటూ కూర్చుంది. "నిద్ర మబ్బులో ఉందండీ" అన్నాడాయన. మావాడు నా వంక చూశాడు. నేనేం మాట్లాడలా.

మిగతా మూడింట్లో ఒక దానికి వీపు మీద లేత గోధుమ రంగు మచ్చ ఉంది. అందుకని దాన్ని ఎవరూ అడగడం లేదంట, ధర సగమే చెప్పాడు. ఎముక మంచి లావు, మూత మోగితే మొదట తిరిగింది అదే. మావాడు అరగంట అటూ ఇటూ ఊగిసలాడి, ఊళ్ళో నవ్వుతారేమో మామా అంటూనే దాన్నే తెచ్చుకున్నాడు. మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించమని చెప్పా, పెద్ద కుక్కని పెంచేటోడికి అది ముందు పని. పిల్లకి పేరు ఇంకా పెట్టలేదు. నేను కాళి అని చెప్పా. వాళ్ళావిడకి నచ్చలా.

ఈ ఏడాదికైతే దాని కాపలా లేనట్టే, ఇంకా పాలు తాగే వయసు. కాబట్టి నిన్న రాత్రి కూడా కళ్ళంలో మేమిద్దరమే పడుకున్నాం. మా రాజు గాడు మంచం కిందున్నాడు. మీ తాతల కాలంలో మీ ఇళ్ళల్లో ఎట్టాంటి కుక్కలుండేవి, ఏ పేర్లతో పిలిచేవారో గుర్తుంటే కింద రాయండి. అచ్చంపేట, బెల్లంకొండ వైపు మేకలు కాసేవాళ్ళు ముఖ్యంగా.